సెలెరియో ఏజీఎస్: క్లచ్ పెడల్ లేని చిన్న పెట్రోల్ కారు ఎలా పనిచేస్తుంది, ఎవరికి సరిపోతుంది?

మారుతి సుజుకి సెలెరియో ఐదుగురు కూర్చునే చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 2014 ఫిబ్రవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పో సందర్భంగా ఇది మార్కెట్లోకి వచ్చింది. అప్పటిదాకా కంపెనీ అమ్మిన ఏ-స్టార్, జెన్ ఎస్టిలో కార్ల స్థానంలో దీన్ని దించారు. చూడ్డానికి మామూలు బండే. కానీ మన దేశంలో ఆటోమేటిక్ కారు అనే మాటకు అర్థం మార్చింది ఇదే. ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్, భారత్‌లో మొదట అమ్మకానికి వచ్చింది ఈ కారులోనే. కంపెనీ దానికి పెట్టుకున్న పేరు ఆటో గేర్ షిఫ్ట్, క్లుప్తంగా ఏజీఎస్.

అంతకుముందు ఆటోమేటిక్ అంటే రెండు భయాలుండేవి. ఒకటి ధర, రెండోది పెట్రోలు ఖర్చు. సెలెరియో ఈ రెండింటినీ తగ్గించింది. 2014లో మాన్యువల్ సెలెరియో షోరూం ధర 3.90 లక్షల రూపాయల నుంచి మొదలైతే, ఏజీఎస్ రకం 4.29 లక్షలకే దొరికింది. ప్రభుత్వ పరీక్షలో మైలేజీ మాన్యువల్‌కైనా, ఏజీఎస్‌కైనా లీటరుకు 23.1 కి.మీ.గానే నమోదైంది. మెహదీపట్నం, టోలీచౌకి ట్రాఫిక్‌లో రోజూ వందసార్లు క్లచ్ తొక్కేవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునే ఇంటి ఆడవాళ్లకు ఇది అందుబాటులోకి వచ్చిన మొదటి చవక ఆటోమేటిక్.

అయితే ఇది గల్ఫ్‌లో నడిపే ఆటోమేటిక్ లాంటిది కాదు. ఆ తేడా తెలియకుండా నడిపితే బండికీ నష్టమే, ఒక్కోసారి మనుషులకూ ప్రమాదమే.

రెండు తరాల సెలెరియో

పాత, అంటే మొదటి తరం సెలెరియోలో ఉన్నది కె10బి ఇంజిన్. మూడు సిలిండర్లు, 998 సీసీ. గరిష్ఠ శక్తి 6000 ఆర్‌పీఎం దగ్గర 68 పీఎస్, గరిష్ఠ టార్క్ 3500 ఆర్‌పీఎం దగ్గర 90 న్యూటన్ మీటర్లు. పొడవు 3600 మి.మీ., వెడల్పు 1600 మి.మీ., ఎత్తు 1560 మి.మీ. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2425 మి.మీ. డిక్కీ 235 లీటర్లు, పెట్రోల్ ట్యాంకు 35 లీటర్లు. నేల నుంచి బండి అడుగుకు 165 మి.మీ. ఖాళీ ఉంటుంది.

కొత్త సెలెరియో 2021 నవంబర్‌లో వచ్చింది. పేరు అదే అయినా దాదాపు అంతా కొత్త బండి. హార్టెక్ట్ అనే తేలికైన చట్రం మీద కట్టారు. ఇంజిన్ కె10సి డ్యూయల్ జెట్. ఇదీ 998 సీసీ, మూడు సిలిండర్లే. ఒక్కో సిలిండర్‌కు ఒకటికి బదులు రెండు ఇంజెక్టర్లు ఉండటం దీని ప్రత్యేకత. పెట్రోలు సన్నని తుంపరగా పడి బాగా మండుతుంది, వృథా తగ్గుతుంది. శక్తి 67 పీఎస్, టార్క్ 89 న్యూటన్ మీటర్లు. కాగితం మీద పాతదానికీ దీనికీ బలంలో తేడా లేదనే చెప్పాలి. తేడా అంతా మైలేజీలో. ఏజీఎస్ వీఎక్స్ఐ రకానికి కంపెనీ చెప్పిన అంకె లీటరుకు 26.68 కి.మీ.

కొత్తదాని పొడవు 3695 మి.మీ., వెడల్పు 1655 మి.మీ., ఎత్తు 1555 మి.మీ., చక్రాల మధ్య దూరం 2435 మి.మీ. డిక్కీ 313 లీటర్లకు పెరిగింది. ట్యాంకు మాత్రం 32 లీటర్లకు తగ్గింది. నేల నుంచి ఖాళీ 170 మి.మీ. ఎయిర్‌పోర్టుకు సూట్‌కేసులతో వెళ్లే కుటుంబానికి ఆ 78 లీటర్ల డిక్కీ తేడా బాగా తెలుస్తుంది.

ధర విషయానికొస్తే, 2021లో వీఎక్స్ఐ మాన్యువల్ షోరూం ధర 5.63 లక్షలు, అదే రకం ఏజీఎస్ 6.13 లక్షలు. అంటే క్లచ్ పెడల్ లేకుండా చేసుకోవడానికి 50 వేల రూపాయలు అదనం. ఆ తర్వాత ధరలు చాలాసార్లు మారాయి. 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది. సెలెరియో ఈ కోవలోకే వస్తుంది. కాబట్టి పాత కొటేషన్ చూపించి ఎవరైనా ధర చెబితే, కొత్త పన్నుతో మళ్లీ లెక్క కట్టించుకోవాలి.

ఏజీఎస్ లోపల ఏం జరుగుతుంది?

ఏజీఎస్ లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే. అవే 5 గేర్లు, అదే క్లచ్ ప్లేటు. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని మాత్రం యంత్రం చేస్తుంది. దీన్ని మాగ్నెటి మారెల్లి అనే ఇటలీ కంపెనీ పరిజ్ఞానంతో తయారుచేశారు.

ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు హైడ్రాలిక్ ఆయిల్‌ను ఒత్తిడితో నిల్వ ఉంచుతుంది. బండి వేగం, ఇంజిన్ వేగం, యాక్సిలరేటర్ ఎంత తొక్కారన్న సమాచారం కంట్రోల్ యూనిట్‌కు చేరుతుంది. గేరు మార్చాలని అది నిర్ణయించగానే వాల్వులు తెరుచుకుంటాయి. ఆయిల్ ఒత్తిడి ముందు క్లచ్‌ను విడదీస్తుంది, తర్వాత గేరు మారుస్తుంది, చివరికి క్లచ్‌ను మళ్లీ కలుపుతుంది. ఆ క్షణంలో ఇంజిన్ బలం చక్రాలకు అందదు. అందుకే గేరు మారేటప్పుడు ముందుకు చిన్న ఊపు వచ్చినట్టు, బండి తల ఊపినట్టు అనిపిస్తుంది. ఇది లోపం కాదు, ఆ పద్ధతి లక్షణమే. గేరు మారే సమయంలో యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా వదులు చేస్తే ఆ జర్క్ చాలావరకు పోతుంది. వారం రోజులు నడిపితే కాలికి అదే అలవాటవుతుంది.

మిగతా ఆటోమేటిక్‌లు వేరు. పాతకాలపు పద్ధతి టార్క్ కన్వర్టర్. ఇందులో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ప్లేటు బదులు ఆయిల్ ఉంటుంది. ఏ-స్టార్ ఆటోమేటిక్‌లో ఉన్నది ఇదే, 4 గేర్లతో. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు జారుతూ నిష్పత్తి మారుస్తుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒకటి వదిలేలోగా రెండోది అందుకుంటుంది. ఈ మూడూ ఏఎంటీ కంటే మెత్తగా నడుస్తాయి. కానీ ధర ఎక్కువ, రిపేరు వస్తే ఖర్చూ ఎక్కువే. ఏఎంటీ బలం దాని సాదాతనంలో ఉంది.

గల్ఫ్ నుంచి వచ్చినవారు ముందుగా తెలుసుకోవాల్సింది

సౌదీ, దుబాయ్, కువైట్‌లలో ఏళ్ల తరబడి ఆటోమేటిక్ నడిపి వచ్చినవాళ్లు మన కుటుంబాల్లో చాలామంది. వాళ్లకు బండి ఆపగానే గేర్ రాడ్‌ను 'పి'లోకి తోయడం అలవాటు. 'పి' అంటే పార్క్. అందులో పెడితే గేర్‌బాక్స్ లోపల ఒక కొక్కెం పడి చక్రాలు తిరగకుండా ఆపుతుంది.

సెలెరియో ఏజీఎస్‌లో 'పి' లేదు. ఉన్నవి ఆర్, ఎన్, డి, ఎం మాత్రమే. ఆర్ అంటే రివర్స్, ఎన్ అంటే న్యూట్రల్, డి అంటే ముందుకు నడిపే స్థానం, ఎం అంటే గేర్లు మనమే పైకీ కిందికీ మార్చుకునే పద్ధతి. ఎన్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ సరిగా లాగకుండా దిగిపోతే బండిని ఆపి ఉంచేది ఏదీ లేదు. వాలు ఉన్న గల్లీలో అది దొర్లిపోతుంది. వెనక పిల్లలు ఆడుకుంటుంటే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సరైన పద్ధతి ఇదీ. బ్రేకు మీద కాలు ఉంచి బండి పూర్తిగా ఆపాలి. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగాలి. చదును నేల మీద, లేదా బండి ముఖం ఎత్తు వైపు ఉంటే గేర్ రాడ్ డిలో ఉంచాలి. ముఖం పల్లం వైపు ఉంటే ఆర్‌లో పెట్టాలి. మీటర్‌లో గేరు పడినట్టు కనిపించాక, బ్రేకు మీద కాలు తీయకుండానే ఇంజిన్ ఆపాలి. అప్పుడు క్లచ్ కలిసి ఉండి, గేరులో ఉన్న ఇంజిన్ కూడా చక్రాలను పట్టి ఉంచుతుంది. మాన్యువల్ బండిని గేరులో వదిలే పాత అలవాటే ఇది.

స్టార్ట్ చేయడానికి రాడ్ ఎన్‌లో ఉండాలి, బ్రేకు తొక్కి ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఇంజిన్ అందుకోదు. చాలామంది బ్యాటరీ పోయిందని కంగారుపడేది ఇక్కడే.

ఇంకో తేడా కూడా ఉంది. గల్ఫ్‌లో స్టీరింగ్ ఎడమవైపు, బండ్లు నడిచేది రోడ్డుకు కుడివైపు. ఇక్కడ రెండూ తారుమారు. లైసెన్స్ విషయంలో కూడా యూఏఈలో ఆటోమేటిక్ మాత్రమే నడిపే లైసెన్స్ వేరుగా ఇస్తారు. అలాంటి లైసెన్స్ ఉన్నవాళ్లు ఇక్కడ ఇంట్లో ఉన్న మాన్యువల్ బండి తీసేముందు సరిగా నేర్చుకోవడం మంచిది.

ఎత్తులో, ట్రాఫిక్‌లో ఎలా నడపాలి?

డిలో పెట్టి బ్రేకు వదిలితే సెలెరియో యాక్సిలరేటర్ తొక్కకపోయినా మెల్లగా ముందుకు పాకుతుంది. ట్రాఫిక్ జామ్‌లో ఇది పెద్ద సుఖం. కానీ ఆ పాకడం క్లచ్ సగం కలిసి జారడం వల్లే జరుగుతుంది. గంటసేపు ఇంచుఇంచుగా పాకిస్తే క్లచ్ వేడెక్కుతుంది, అరుగుతుంది. ముందు బండి రెండడుగులు కదలగానే మనమూ కదలాలన్న తొందర వద్దు. కొంచెం ఖాళీ ఏర్పడ్డాక ఒకేసారి కదిలి, బ్రేకు తొక్కి ఆగడం మేలు. సిగ్నల్ దగ్గర నిమిషం దాటేట్టు ఉంటే ఎన్‌లో పెట్టి బ్రేకు పట్టుకోవడం మంచిది.

బంజారాహిల్స్ రోడ్ల మీదో, ఫ్లైఓవర్ ఎక్కే చోటో, శ్రీశైలం ఘాట్‌లోనో బండి ఆగినప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. బ్రేకు బదులు యాక్సిలరేటర్‌ను కొంచెం తొక్కి ఉంచి బండిని ఎత్తులో నిలబెడతారు. టార్క్ కన్వర్టర్ బండికి అది కొంతసేపు చెల్లుతుంది. ఏజీఎస్‌లో మాత్రం క్లచ్ ప్లేటు జారుతూ కాలుతుంది. కాలిన వాసన వచ్చిందంటే అప్పటికే నష్టం జరిగినట్టే. ఎత్తులో బండిని నిలబెట్టాల్సింది బ్రేకే.

2021 తర్వాతి ఏజీఎస్ రకాల్లో హిల్ హోల్డ్ అసిస్ట్ ఉంది. ఎత్తులో బ్రేకు వదిలాక కొద్ది క్షణాలు బండి వెనక్కి జారకుండా పట్టుకుంటుంది. ఆలోగా యాక్సిలరేటర్ అందుకోవాలి. 2014 నాటి బండ్లలో ఈ సదుపాయం లేదు. పాత బండితో ఎత్తులో కదలాలంటే హ్యాండ్ బ్రేక్ లాగి, యాక్సిలరేటర్ తొక్కి, బండి ముందుకు లాగుతోందని తెలిశాక హ్యాండ్ బ్రేక్ వదలాలి.

హైవే మీద ఓవర్‌టేక్ చేయాలంటే ముందే ఆలోచించాలి. యాక్సిలరేటర్ లోతుగా తొక్కగానే యంత్రం కింది గేరుకు దిగుతుంది, కానీ ఒక క్షణం పడుతుంది. నలుగురు పెద్దలు, ఏసీ, సామాను ఉంటే 67 పీఎస్ ఇంజిన్ నుంచి పరుగు ఆశించకూడదు. ఓవర్‌టేక్‌కు ముందే ఎం స్థానంలోకి మార్చి కింది గేరు వేసుకుంటే ఆ ఆలస్యం తప్పుతుంది. ఘాట్ దిగేటప్పుడు కూడా ఎంలో రెండో, మూడో గేరు వేసుకుంటే ఇంజిన్ బండిని పట్టుకుంటుంది, బ్రేకులు వేడెక్కవు.

రెండు పెడళ్లనూ కుడి కాలితోనే తొక్కాలి. ఎడమ కాలికి పని లేదు. మాన్యువల్ అలవాటున్నవాళ్లు క్లచ్ అనుకుని ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కేస్తారు, వెనక వచ్చేవాడు గుద్దేస్తాడు. మొదటి రెండు మూడు రోజులు ఖాళీ మైదానంలో నడపడం అందుకే అవసరం.

పెట్రోలు ఖర్చు ఎంతవుతుంది?

26.68 అన్నది పరీక్షశాల అంకె. ఏసీ వేసుకుని నగరంలో నడిపితే అంత రాదు. లెక్క కోసం లీటరుకు 18 కి.మీ. అనుకుందాం. నెలకు 900 కి.మీ. తిరిగితే 50 లీటర్లు. లీటరు 107 రూపాయలు అనుకుంటే నెలకు 5,350 రూపాయలు. నిండు ట్యాంకు 32 లీటర్లకు 576 కి.మీ. హైదరాబాద్ నుంచి కర్నూలుకు సుమారు 210 కి.మీ. రోడ్డు మీద లీటరుకు 20 వస్తే పదిన్నర లీటర్లు సరిపోతాయి.

సీఎన్‌జీ కావాలంటే మాత్రం చిక్కుంది. 2022 జనవరిలో వచ్చిన సెలెరియో సీఎన్‌జీ కిలోకు 35.60 కి.మీ. ఇస్తుందని కంపెనీ చెబుతుంది, కానీ అది మాన్యువల్ మాత్రమే. ఏజీఎస్, సీఎన్‌జీ రెండూ కలిపి సెలెరియోలో దొరకవు. ఆ రెండూ కలిసి కావాలనుకునేవాళ్లకు 2024లో టాటా టియాగో ఆ దారి తెరిచింది.

భద్రత: పాత బండి, కొత్త బండి ఒకటి కాదు

2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగ్ లేని సెలెరియోను ఢీకొట్టి పరీక్షించింది. ముందు సీట్లలో ఉన్న పెద్దల రక్షణకు వచ్చిన స్టార్లు సున్నా. ఆ తర్వాత దేశంలో నిబంధనలు గట్టిపడ్డాయి. 2019 నాటికి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ బ్రేకులు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. ఆ తర్వాత పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. 2025లో సెలెరియో అన్ని రకాలకూ 6 ఎయిర్‌బ్యాగులు వచ్చాయి.

కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో సెలెరియో ఏజీఎస్ చవగ్గా వస్తోందంటే, అది ఏ సంవత్సరం బండి, ఏ రకం, ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఏబీఎస్ ఉందా అన్నది ముందు చూడాలి. 40, 50 వేలు తక్కువకు వస్తుందని ఎయిర్‌బ్యాగ్ లేని బండి ఇంటికి తెచ్చుకోవడం తెలివైన బేరం కాదు. ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా బెల్టు పెట్టుకోకపోతే వాటి వల్ల మేలు తక్కువే. వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకోవాలి, పిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు.

సెకండ్ హ్యాండ్ ఏజీఎస్ కొనేటప్పుడు

బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అమ్మేవారు ముందే వేడి చేసి ఉంచితే కొన్ని లోపాలు బయటపడవు. తాళం తిప్పాక ఏజీఎస్ హెచ్చరిక లైటు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే కంప్యూటర్ పెట్టి స్కాన్ చేయించకుండా ముందుకు వెళ్లొద్దు. ఇంజిన్ నడవనప్పుడు చిన్నగా పంపు శబ్దం వినిపిస్తే అది మామూలే. పంపు ఆగకుండా మాటిమాటికీ మోగుతుంటే మాత్రం ఆయిల్ ఒత్తిడి నిలవడం లేదేమో అనుమానించాలి.

తర్వాత ఎత్తున్న రోడ్డు మీద నడిపి చూడాలి. ఇంజిన్ గట్టిగా అరుస్తున్నా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు చిన్న ఊపు సహజం, కొట్టినట్టు పెద్ద దెబ్బ సహజం కాదు. రివర్స్ ప్రతిసారీ వెంటనే పడాలి. క్లచ్ మార్చాక కంట్రోల్ యూనిట్‌కు కొత్త క్లచ్‌ను కంప్యూటర్‌తో నేర్పించాలి. ఆ పరికరం లేని షెడ్డులో చేయిస్తే కొత్త ప్లేటు వేసినా జర్కులు పోవు. సర్వీసు బుక్కులో ఆ వివరం ఉందేమో చూడాలి.

కాగితాల్లో ఆర్‌సీ తేదీ ముఖ్యం. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. 2014 బండికి 2029లో గడువు తీరుతుంది, ఆపై ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఆ ఖర్చూ బేరంలో లెక్కలోకి రావాలి.

దారిలో ఆగిపోతే

బ్యాటరీ పడిపోతే ఏజీఎస్‌ను తోసి స్టార్ట్ చేయడం కుదరదు. కరెంటు లేకపోతే క్లచ్, గేరు కదలవు. వేరే బండి నుంచి కేబుళ్లతో జంప్ స్టార్ట్ చేయాల్సిందే. కాబట్టి బ్యాటరీ బలహీనపడుతున్న సూచన కనిపిస్తే మార్చడంలో ఆలస్యం వద్దు. గేరులోనే ఇరుక్కుపోతే తాడు కట్టి లాగించొద్దు. ఇది ముందు చక్రాలతో నడిచే బండి. ముందు చక్రాలు పైకెత్తి లాగాలి, లేదా మొత్తం బండిని లారీ మీదికి ఎక్కించాలి.

ఎవరికి సరిపోతుంది, ఎవరికి సరిపోదు?

రోజూ నగరంలో 20, 30 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు మార్చిమార్చి నడిపే కుటుంబాలకు, క్లచ్ తొక్కలేని పెద్దలకు సెలెరియో ఏజీఎస్ పనికొచ్చే బండి. ఇరుకు గల్లీల్లో తిప్పుకోవడం సులువు, పెట్రోలు తక్కువ తాగుతుంది. ఎప్పుడూ ఐదుగురితో హైవే మీద దూరాలు వెళ్లేవాళ్లకు ఇంజిన్ బలం చాలదనిపిస్తుంది. గల్ఫ్‌లో నడిపిన పెద్ద ఆటోమేటిక్ మెత్తదనమే కావాలనుకునేవాళ్లు సీవీటీ, టార్క్ కన్వర్టర్ ఉన్న బండ్లు కూడా నడిపి చూసి, అదనపు ధర తట్టుకోగలమా అని ఆలోచించుకుని నిర్ణయించుకోవాలి.

షోరూంలో టెస్ట్ డ్రైవ్ అడిగినప్పుడు చదును రోడ్డు మీద ఒక చక్కరుతో సరిపెట్టుకోవద్దు. ఒక ఎత్తు, ఒక జామ్, ఒక రివర్స్ పార్కింగ్, ఈ మూడూ చేసి చూడాలి. ఇంట్లో బండి ఎక్కువగా నడపబోయేది ఎవరో వాళ్లనే స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాలి. కొన్నాక ఇంట్లో నడిపే ప్రతి ఒక్కరికీ మొదట నేర్పాల్సింది మాత్రం ఒక్కటే: ఈ బండికి 'పి' లేదు, హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో ఉంచి, ఆ తర్వాతే దిగాలి.